డాన్యూబ్ నడుమ పాటల దీవి

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు ఆయన వెంట సుమారు నూరుమంది పరివారం కదిలింది. అటువంటి యాత్రలో కొత్త పరిచయాలు కలగవచ్చునుగాని, ముక్కూమొగం తెలియనివారిపై ఆధారపడవలసిన అవసరం యాత్రికునికి అంతగా కలగదు. వీపున ఒక్క సంచి తగిలించుకొని దేశాంతరాలు తిరిగే నేటి యువజనుల సంగతి వేరు. వారికి పరివారం లేదు. దారిలో దొరికినవారే బంధువులు.

ఆ బంధుత్వం మొదలయ్యే చోటు వసతి గృహం. పాశ్చాత్య దేశాలలో హాస్టల్ అని పిలిచే ఈ గృహాలు కళాశాల హాస్టళ్ల వంటివి కావు; మన సత్రాలకు దగ్గరి చుట్టాలు. రిచర్డ్ షిర్మాన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు 1909లో విద్యార్థులను వెంటబెట్టుకొని కాలినడకన పోతూ గాలివానలో చిక్కుకొన్నాడు. ఒక పల్లెటూరి బడిలో ఆ రాత్రి తలదాచుకోవలసి వచ్చింది. సెలవులలో ఖాళీగా ఉండే బడులు బాటసారులైన విద్యార్థులకు విడిదులైతే ఎంత బాగుండునన్న ఆలోచన ఆయనకు అప్పుడే కలిగింది. దాని ఫలితంగా 1912లో ఆల్టెనా పట్టణపు కోటలో తొలి యువజన వసతి గృహం వెలసింది. ఒకే గదిలో పలువురికి పడకలు, అందరికీ కలిపి ఒకే వంటిల్లు ఉండడం ఇటువంటి గృహాలలో సాధారణం. వంటింట్లో ఉప్పు అడగడంతో కలిగిన పరిచయం మరునాటికి సహప్రయాణంగా మారడం అక్కడ వింత కాదు.

ఆగస్టు మాసంలో హంగేరీ రాజధాని బుడాపెస్ట్ చేరిన యాత్రికులకు ఆ వంటిళ్లలో తప్పక వినబడే మాట ‘సిగెట్’. హంగేరీ భాషలో ఈ మాటకు ద్వీపం అని అర్థం. నగరానికి ఉత్తరాన డాన్యూబ్ నదీగర్భంలో ఓబుడా అనే దీవి ఉన్నది. రోమన్ల కాలంలో అక్కడ రాజప్రతినిధి ప్రాసాదం ఉండేది. పందొమ్మిదవ శతాబ్దిలో నౌకానిర్మాణశాల ఏర్పడింది. 1993 నుండి ఆ దీవి చెట్లనీడలలో యూరప్‌లోని పెద్ద సంగీతోత్సవాలలో ఒకటి జరుగుతూ వచ్చింది. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాలలో మాత్రం జరగలేదు.

ఈ ఉత్సవం పుట్టుక వెనుక ఒక లోటు ఉన్నది. 1989-90లో హంగేరీలో ఏకపార్టీ పాలన ముగిసింది. స్వేచ్ఛ లభించింది, కాని యువకుల కోసం ప్రభుత్వ ధనంతో నడిచిన వేసవి శిబిరాలు దానితోపాటే కనుమరుగయ్యాయి. పాత పాలన పోవడం కోరినవారు కూడా ఆ శిబిరాలలో తోటివారితో గడిపిన వేసవి దినాలను మరువలేకపోయారు. ముల్లర్ పేటర్ అనే గాయకుడు, గెరెందయి కారోయ్ అనే యువ నిర్వాహకుడు ఈ లోటును గుర్తించారు. (హంగేరీయులు మనవలెనే ఇంటిపేరును ముందు, సొంత పేరును తరువాత చెప్పుకొంటారు.) ఏడాదికి ఒక వారమైనా యువజనులు ఒకచోట కలిసి జీవించాలన్నది వారి సంకల్పం. అందుకే తొలి ఉత్సవానికి ‘విద్యార్థి ద్వీపం’ అని పేరుపెట్టారు. సుమారు 43 వేలమంది వచ్చారు. ఉత్సాహం మిగిలింది, దానితో అప్పూ మిగిలింది. అయినా నిర్వాహకులు వెనుకంజ వేయలేదు. 2018 నాటికి వారం రోజులలో వచ్చిపోయినవారి లెక్క 5 లక్షల 65 వేలకు చేరింది.

వసతి గృహంలో నిన్న కలిసిన నలుగురు నేడు వంతెన దాటి ఆ దీవిలో గుడారం వేసుకొంటారు. అక్కడినుండి వారికి పరీక్ష మొదలవుతుంది. పగలు ఎండ, దుమ్ము. వాన కురిస్తే బురద. నీటి కుళాయిల దగ్గర బారులు. ఒకరు స్నానానికి పోతే మరొకరు సంచులకు కాపలా ఉండాలి. జనసమ్మర్దంలో మొబైల్ ఫోన్‌ను నమ్ముకోవడానికి వీలుండదు గనుక, తప్పిపోతే కలుసుకొనే చెట్టునో స్తంభాన్నో ముందే నిర్ణయించుకోవాలి. ఒకరికి నచ్చిన పాట ఇంకొకరికి రొద కావచ్చు. స్నేహానికి కారణం సంగీతమని సాధారణంగా చెబుతారుగాని, ఈ కాపలాలూ ఎదురుచూపులూ సర్దుబాట్లే దానికి అసలైన పునాది. పాట ఆ స్నేహానికి సందర్భాన్ని కల్పిస్తుంది, అంతే. పరిచయమై రెండు దినాలైనా కాని వ్యక్తికి తన పాస్‌పోర్టు ఉన్న సంచిని అప్పగించడం చిన్న సంగతి కాదు. ఎవరిని నమ్మవచ్చునో, ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుకొనే వివేకం కూడా అక్కడ అలవడవలసిందే.

ప్రధాన వేదికపై పాడేవారు ప్రపంచ ప్రసిద్ధులు. వారి పాటలు ఎక్కడైనా వినవచ్చు. హంగేరీలో మాత్రమే లభించే సంగీతం చిన్న గుడారాలలో ఉంటుంది. బార్తోక్ బేలా, కొదాయ్ జోల్తాన్ అనే స్వరకర్తలు ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో పల్లెపల్లెకూ తిరిగి జానపద గేయాలను సేకరించారు. 1972లో బుడాపెస్ట్ యువకులు ‘నృత్యగృహం’ అనే ఉద్యమాన్ని ఆరంభించి, పల్లె నాట్యాలను రంగస్థలం నుండి దించి జనం మధ్యకు తెచ్చారు. అక్కడ ప్రేక్షకులంటూ వేరే ఉండరు. అడుగులు నేర్చుకొని అందరూ ఆడవలసిందే. భాష తెలియని విదేశీయుడు కూడా చేతులు కలిపి వలయంలో నిలిస్తే చాలు.

భారతీయ యాత్రికునికి మరింత ఆత్మీయంగా తోచేది రోమా ప్రజల సంగీతం. వీరి పూర్వులు సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం వాయవ్య భారతం నుండి పడమటికి తరలిపోయినవారు. హంగేరీలోని రోమాలలో పలువురు నేడు హంగేరియన్ మాత్రమే మాట్లాడుతారు. రోమానీ భాషను నిలుపుకొన్నవారు నీటిని ‘పాని’ అనీ, చెవిని ‘కన్’ అనీ అంటారు. హిందీ తెలిసిన తెలుగు విద్యార్థి ఈ మాటలు విని ఉలిక్కిపడక మానడు. 1978లో బుడాపెస్ట్‌లో ఏర్పడిన ‘కాయి యాగ్’ అనే రోమా బృందం పేరుకు నల్లని నిప్పు అని అర్థం. లోహపు నీటి బిందె, చెంచాలు, నోటితో పలికే జతులు వారి తాళవాద్యాలు. ఘటం విన్నవారికి ఆ బిందె మోత కొత్తగా తోచదు. యూరప్‌లో పలుచోట్ల వివక్షకు గురైన ప్రజల సంగీతం ఇది. ఆ సంగతి తెలిసి వింటే, హుషారైన ఆ లయలో వేదన కూడా వినబడుతుంది.

ఉత్సవం పెరిగినకొద్దీ దాని స్వరూపం మారింది. ‘విద్యార్థి’ అన్న మాట పేరునుండి తొలగిపోయింది, ‘ద్వీపం’ మిగిలింది. వాణిజ్య సంస్థల ప్రకటనలు వచ్చాయి. విదేశీయుల రాక పెరిగింది, టికెట్టు ధర కూడా పెరిగింది. పడమటి దేశాల యువకునికి సమంజసంగా కనబడే ధర హంగేరీ విద్యార్థికి భారమైందన్న విమర్శ చాలాకాలంగా ఉన్నది. పెద్ద గాయకుల పారితోషికాలు పెరిగాయని, ప్రభుత్వ సహాయం లేకుండా ఇంతటి ఉత్సవం మరో విధంగా సాగదని నిర్వాహకుల పక్షాన చెప్పే సమాధానం. ఆ వాదంలో నిజం లేకపోలేదు. అయినా ఎవరి లోటు తీర్చడానికి ఈ దీవిలో తొలి గుడారం వేశారో, వారిలో చాలామంది ఒక్కరోజు టికెట్టుతో వచ్చి, పాటలు విని, రాత్రికి ఇల్లు చేరుకొంటారు. ఉత్సవం పొడవునా గుడారాలలో ఉండిపోయేది ఎక్కువగా దూరదేశాల వారే.