గ్రీన్‌కార్డు లేకుండా అమెరికాలో హోమ్‌ లోన్‌ వస్తుందా?

హెచ్‌-1బీ వీసాపై అమెరికాలో ఉంటున్నవారు గ్రీన్‌కార్డు రాకముందే ఇల్లు కొనుక్కోవచ్చా? కొనుక్కోవచ్చు. అయితే ఇటీవల ఒక దారి మూసుకుపోయింది.

ఏం మారింది?
3.5 శాతం డౌన్‌పేమెంట్‌తో దొరికే ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు 2025 మే 25 నుంచి హెచ్‌-1బీ వారికి ఆగిపోయాయి. ఆ బీమా లేని కన్వెన్షనల్‌ లోన్‌ మాత్రం తీసుకోవచ్చు. చట్టబద్ధంగా ఉంటున్నవారికి పౌరులతో సమానంగా ఇచ్చిన రుణాలను ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్‌ సంస్థలు కొంటాయి. అయినా కొన్ని బ్యాంకులు సొంత షరతులు పెడతాయి. ఒకచోట కాదంటే మరోచోట అడగండి.

ఏమేం కావాలి?
పాస్‌పోర్టు, వీసా, ఐ-797, సోషల్‌ సెక్యూరిటీ నంబర్‌, పే స్లిప్పులు, డబ్ల్యూ-2లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకోండి. సిబిల్‌ స్కోరు సాధారణంగా అక్కడ లెక్కలోకి రాదు. అమెరికాలోని క్రెడిట్‌ చరిత్రే చూస్తారు.

ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవచ్చా?
తల్లిదండ్రులు పంపవచ్చు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉంది. అది అప్పు కాదని తెలిపే గిఫ్ట్‌ లెటర్‌, డబ్బు బదిలీ అయిన ఆధారాలు బ్యాంకు అడుగుతుంది.

అసలు ముప్పు ఎక్కడ?
డౌన్‌పేమెంట్‌ 20 శాతం కన్నా తక్కువైతే మార్ట్‌గేజ్‌ బీమా ఖర్చు సాధారణంగా అదనం. ఇల్లు కొన్నంత మాత్రాన గ్రీన్‌కార్డు రాదు. ఉద్యోగం పోతే కొత్త కొలువు వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఈలోగా వాయిదాలు ఆగవు. అందుకే ఉన్నదంతా డౌన్‌పేమెంట్‌కే పోయకుండా కొన్ని నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకున్నాకే సంతకం చేయండి.