అప్పు గీత.. మన మోటారు దాకా!

జీడి పిక్కల సీజన్‌లో పలాస వ్యాపారికి బ్యాంకు ఇచ్చే అప్పుకు ఓ లిమిట్ ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వానికీ అంతే. కాకపోతే ఇక్కడ గీత గీసేది కేంద్రం. ఆ గీత దగ్గర పేచీ వస్తే అది రాజకీయమవుతుంది. గ్రూప్స్‌కు సిద్ధమవుతున్న టెక్కలి, పలాస, ఉద్దానం విద్యార్థులు దీనికి ఉదాహరణ ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. సొంత జిల్లాలోనే ఉంది.

గీత ఎవరిది?

రాజ్యాంగంలోని 293(3) అధికరణం ప్రకారం, కేంద్రానికి బకాయి ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. మామూలుగా పరిమితి రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం. కరోనా కారణంగా 2020–21లో దీన్ని 5 శాతానికి పెంచారు. అయితే పెంచినదాంట్లో కొంత వాటాకు షరతులు పెట్టారు. రేషన్ పోర్టబిలిటీ, విద్యుత్ సంస్కరణలు లాంటివి చేస్తేనే ఆ అప్పు. తర్వాత 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో, 2021–22 నుంచి నాలుగేళ్లపాటు 0.5 శాతం అదనపు అప్పును విద్యుత్ సంస్కరణలకు ముడిపెట్టారు.

శ్రీకాకుళమే పైలట్

2020 సెప్టెంబరులో అప్పటి వైసీపీ ప్రభుత్వం ఉచిత విద్యుత్‌కు నగదు బదిలీ ప్రకటించింది. వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించే ఈ పథకానికి పైలట్‌గా ఎంచుకున్నది శ్రీకాకుళం జిల్లానే. రైతు జేబులోంచి రూపాయి పోదని ప్రభుత్వం చెప్పింది. ఉచిత విద్యుత్‌కు ఎసరు పెట్టడానికేనని విపక్షాలు మండిపడ్డాయి. తెలంగాణలో కేసీఆర్ మీటర్లు పెట్టేదే లేదని తేల్చేశారు. అదనపు అప్పు వదులుకుని, 2023 ఎన్నికల ప్రచారంలో దాన్నే అస్త్రం చేసుకున్నారు.

చివరికి ఏమైంది? కాదన్న బీఆర్‌ఎస్ 2023లో, ఔనన్న వైసీపీ 2024లో ఓడిపోయాయి. కాబట్టి మీటర్ల వల్లే గెలిచారు, ఓడారు అని రాస్తే మార్కులు పోతాయి. ఎన్నికల ఫలితానికి కారణాలు చాలా ఉంటాయి.

కోర్టు మెట్లెక్కిన కేరళ

పరిమితి విషయంలో కేరళ 2023 డిసెంబరులో 131వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్ 1న కోర్టు మధ్యంతర ఊరట ఇవ్వలేదు కానీ, కేసును అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. అమెరికాలో అప్పు పరిమితిని పెంచేది కాంగ్రెస్. అక్కడ 2011లో ప్రతిష్టంభన చివరిదాకా సాగితే, ఎస్ అండ్ పీ సంస్థ ఆ దేశ రేటింగ్‌ను తొలిసారి తగ్గించింది.

మీకేంటి సంబంధం?

అప్పు ఆగితే జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆపడం కష్టం. అందుకే ముందు కోత పడేది రోడ్లు, కాలువల పనులకు. కాంట్రాక్టర్ల బిల్లులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటివీ వెనక్కి జరుగుతాయి. అలాగని గీతే వద్దంటే, ఈరోజు చేసిన అప్పు రేపు ఉద్యోగంలో చేరి పన్ను కట్టే మీ నెత్తినే పడుతుంది.

మెయిన్స్‌లోనైనా, ఇంటర్వ్యూలోనైనా ఈ రెండు వైపులా చెప్పండి. ముందు 293(3), తర్వాత ఆర్థిక సంఘం, ఆపైన మీ జిల్లా మీటరు. ఈ వరుసలో వెళితే జవాబు బట్టీ పట్టినట్టు ఉండదు.