మూలధనమునకు వెల ఎంత?

బియ్యమునకు, బొగ్గునకు వెల ఉన్నట్లే ధనమునకును వెల కలదు. అప్పు తెచ్చిన సొమ్మునకు వడ్డీయే ఆ వెల అని మన యిండ్లలో అందరును ఎరుగుదురు. అయితే కంపెనీ అప్పుతోనే నడువదు. వాటాదారుల సొమ్మును అందుండును. ఈ రెండింటికిని కలిపి ఏడాదికి నూటికి ఎంత పడుచున్నదో చెప్పు లెక్కనే ‘భారిత సగటు మూలధన వ్యయము’ అందురు. వాటాలు కొన్నవారును, కొనదలచినవారును దీనిని తెలిసికొనుట మంచిది.

మాటవరసకు ఒక చక్కెర మిల్లును తీసికొందము. దాని మూలధనము 10 కోట్ల రూపాయలు. ఇందు వాటాదారులది 6 కోట్లు, బ్యాంకు అప్పు 4 కోట్లు. బ్యాంకు వడ్డీ నూటికి 10. కాని వడ్డీని ఖర్చుగా తీసివేసిన పిమ్మట మిగిలిన లాభముపైననే ఆదాయపు పన్ను పడును. పన్ను నూటికి 25 అనుకొన్నచో, 10 రూపాయల వడ్డీవలన రెండున్నర రూపాయల పన్ను తగ్గును. కనుక అప్పునకు నిజముగా పడిన వెల ఏడున్నర.

వాటాదారులకు ఇంత యిచ్చెదమను పత్రమేదియు లేదు. అంతమాత్రమున వారి సొమ్ము ఉచితము కాదు. అందరికిని చెల్లించగా మిగిలినదే వారిది. నష్టము వచ్చినచో ముందు పోవునదియు వారిదే. ఆ ప్రమాదమునకు తగిన ప్రతిఫలము లేనిచో వారు వేరొకచోట మదుపు పెట్టుదురు. 1964లో అమెరికా ఆర్థికవేత్త విలియం షార్ప్ ప్రకటించిన సిద్ధాంతమును ఈ అంచనాకు విరివిగా వాడుదురు. ప్రభుత్వ రుణపత్రములపై వడ్డీ 7 అనియు, ఈ వాటాల ప్రమాదమునకు తగిన అదనము 8 అనియు అనుకొన్నచో, వాటాధనపు వెల 15 అగును.

ఇక కలుపుదము. నూరు రూపాయలలో 60 వాటాధనము. దానిపై నూటికి 15 చొప్పున 9 రూపాయలు. మిగిలిన 40 అప్పు. దానిపై ఏడున్నర చొప్పున 3 రూపాయలు. మొత్తము 12. ఇదియే మనము కోరిన సగటు.

మిల్లువారు ఇదే పాళ్లలో సొమ్ము కూర్చి, కోటి రూపాయలతో క్రొత్త యంత్రము పెట్టదలచిరనుకొందము. పన్ను పోను దానిపై ఏటేట పదకొండున్నర లక్షలు మిగులును. బ్యాంకు వడ్డీ 10 కదా, లాభమే యని తోచును. 15ను, ఏడున్నరను ఊరక కూడి సగము చేసినను 11.25 వచ్చి, లాభమే యని తోచును. రెండును పొరపాటే. కోటిలో 40 లక్షల అప్పునకు 3 లక్షలు పోగా, వాటాదారుల 60 లక్షలకు మిగులునది ఎనిమిదిన్నర లక్షలు. అనగా నూటికి సుమారు 14.17. వారు కోరినది 15. ఏడాదికి అరలక్ష కొరత వారిపై పడినది.

అప్పు చౌక గదా, అంతయు అప్పే తేరాదా యని కొందరడుగవచ్చును. అప్పు పెరిగినకొలది వాటాదారుల ప్రమాదమును, వారు కోరు ప్రతిఫలమును పెరుగును. పన్నులు మొదలగునవి లేనిచో సగటు మారదని 1958లో మోడిగ్లియానీ, మిల్లర్ అను ఇరువురు నిరూపించిరి. పన్నువలన అప్పునకు కొంత అనుకూలత కలిగినను, మితిమీరిన అప్పు దివాలాకు దారితీయును.

మరి రెండు జాగ్రత్తలు. వాటాధనమును ఖాతా పుస్తకములోని విలువతో గాక నేటి బజారు విలువతో లెక్కింపవలెను. మిల్లువారు చక్కెర విడిచి మరింత ప్రమాదకరమైన వ్యాపారమునకు దిగినచో, ఈ 12 దానికి చెల్లదు. ఆ వ్యాపారమునకు తగిన వెలనే కట్టుకొనవలెను.

కంపెనీకి లాభము వచ్చినదన్న వార్త వినినపుడు, ఆ లాభము మూలధనపు వెలను మించినదా యని విచారించుట మదుపుదారునకు మేలు.