టవర్‌లో ఉన్నా ఆజ్ఞాపించరు, ఎందుకు?

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్ అనే చిన్న విమానాశ్రయం ఉంది. పాత యుద్ధవిమానాలకు అది పేరుమోసిన చోటు. దిగబోయే పైలట్ రేడియోలో పిలిస్తే అక్కడి అధికారి గాలి ఏ దిక్కు నుంచి, ఎంత వేగంతో వీస్తోందో, రన్‌వే మీద ఎవరున్నారో చెబుతారు. "దిగండి" అని మాత్రం అనరు. "మీ నిర్ణయం ప్రకారం దిగండి" అంటారు. ఎందుకు?

ఆయన కంట్రోలర్ కాదు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ అధికారి. రద్దీ తక్కువగా ఉండే ఇలాంటి చోట పైలట్లే చుట్టూ చూసుకుంటూ, ఇతర విమానాలకు దూరంగా నడుపుకుంటారు. వాళ్లకు కావలసింది సరైన సమాచారం. నేల మీద కదిలే విమానాలకైతే ఈ అధికారి ఆదేశాలు ఇవ్వవచ్చు. గాలిలో ఉన్నవాటికి ఇవ్వకూడదు.

ఆయన చెప్పే వాటిలో వాయుపీడనం అంకె నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. విమానంలో ఎత్తు చూపే పరికరం గాలి పీడనాన్ని బట్టే పనిచేస్తుంది. అందులో 10 హెక్టోపాస్కల్స్ తేడాగా అమర్చితే ఎత్తు దాదాపు 300 అడుగులు తప్పు చూపుతుంది! అందుకే పైలట్ ఆ అంకెను తిరిగి చదివి వినిపించాలి. తప్పు చదివితే అధికారి వెంటనే సరిదిద్దుతారు.

ప్రమాదం జరిగితే అగ్నిమాపక దళాన్ని అప్రమత్తం చేసేదీ ఆయనే.

రేడియోలో "డక్స్‌ఫర్డ్ ఇన్ఫర్మేషన్" అని వినిపిస్తే మాట్లాడేది ఈ అధికారి. ఊరి పేరు తర్వాత "టవర్" అని వస్తే అక్కడున్నది కంట్రోలర్.