కనుమ దారిలో టైరు పట్టు

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు రోడ్డు శృంగవరపుకోట దాటిన పిమ్మట తూర్పు కనుమల నెక్కి, అనంతగిరి మీదుగా సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తునకు చేరును. ఆ మలుపులలో నిండు బస్సు లోయలోనికి జారకుండ నిలుపునది ఏది? టైరు రోడ్డును తాకు కొద్దిపాటి చోటున పుట్టు ఘర్షణయే.

ఈ పట్టును తెలుపు సంఖ్యకు ఘర్షణ గుణకమని పేరు. అది పొడి తారురోడ్డుపై 0.7, తడిరోడ్డుపై 0.4, మంచుగడ్డపై 0.1 అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి, బ్రేకు పట్టిన పిమ్మట సమతలమున వరుసగా 9, 16, 63 మీటర్లు పోయి గాని ఆగదు. పదింటికొకటి వాలున దిగునపుడు తడిరోడ్డుపై ఆ 16 మీటర్లు 21 అగును.

మంచు దేశములు ఇందుకొక ఉపాయము కనిపెట్టినవి. స్వీడనులో టైర్లకు చిన్న లోహపు మేకులు బిగింతురు. అవి మంచుగడ్డను గీరి పట్టు నిచ్చును. కాని మంచు లేనిచో ఆ మేకులే రోడ్డును అరగదీసి, ఊపిరితిత్తులకు హాని చేయు ధూళిని లేపును. అందుచే అక్కడ సాధారణముగా అక్టోబరు 1 నుండి ఏప్రిల్ 15 వరకే వాటిని అనుమతింతురు. స్టాక్‌హోమ్ నగరమున హోర్న్స్‌గాటన్ వీధిలో 2010 నుండి వాటిని పూర్తిగా నిషేధించిరి.

లంబసింగి ప్రాంతమున చలి ఎంత ముదిరినను రోడ్డుపై మంచుగడ్డ పేరుకొని నిలువదు. మన కనుమలలో శత్రువు వాననీరు. టైరుకు, రోడ్డుకు నడుమ నీటిపొర చేరినచో పట్టు సడలును. టైరుపై గల గాడులు ఆ నీటిని ప్రక్కలకు నెట్టివేయును. కావున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు కార్లు, బస్సుల టైర్లకు గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు, రెండు మూడు చక్రముల బండ్లకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదని విధించినవి. గాడుల అడుగున చిన్న గట్లుండును. టైరు అరిగి వాటితో సమమైనచో దానిని మార్చవలెను.

టైరు ఎంత మంచిదైనను వేగమునకు మించిన శత్రువు లేదు. ఆగుటకు పట్టు దూరము వేగము యొక్క వర్గమును అనుసరించును. వేగమును 40 నుండి 20కి తగ్గించినచో వాలుపై 21 మీటర్లు సుమారు 5 మీటర్లగును.

విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. చెక్కపలకపై రబ్బరు ముక్క నుంచి ఒక కొనను మెల్లగా ఎత్తవలెను. ముక్క జారనారంభించినపుడు పలక కొన ఎత్తును దాని క్రింది అడ్డపు దూరముతో భాగించినచో ఘర్షణ గుణకము వచ్చును. పలకను తడిపి మరల చేసి, రెండు సంఖ్యలను పోల్చి చూడవలెను.