ఎర్ర ద్రాక్షతోట, ఎర్ర మిరపతోట

పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో వాన్ గో, సెజాన్, గోగాఁ మొదలైనవారు ఫ్రెంచి పల్లెలను చిత్రించిన తీరుకు పోస్ట్ ఇంప్రెషనిజం అనే పేరు వారు జీవించి ఉండగా లేదు. 1910లో లండన్‌లో వారి చిత్రాలను ప్రదర్శించిన విమర్శకుడు రోజర్ ఫ్రై దానిని పెట్టాడు. వారికి ముందున్న ఇంప్రెషనిస్టులు ఆ క్షణాన కంటికి తోచిన వెలుగును పట్టుకోవాలని చూడగా, వీరు చూసిన దృశ్యాన్ని మనసులో మళ్లీ కూర్చుకుని, రంగును భావప్రకటనకు సాధనంగా చేసుకున్నారు.

1888 నవంబరులో ఆర్ల్ పట్టణంలో వాన్ గో వేసిన ‘ఎర్ర ద్రాక్షతోట’ ఇందుకు మేలైన ఉదాహరణ. గోగాఁతో కలిసి నడిచిన సాయంత్రం, వాన వెలిశాక చూసిన తోటను ఆయన తరువాత జ్ఞాపకం మీద గీయగా, అందులో నేల ఎర్రబారింది, ఆకాశం పసుపెక్కింది, వంగి కాయ కోసే స్త్రీల దుస్తులు నీలంగా నిలిచాయి. ఈ కూర్పు వెనుక పరిపూరక వర్ణాల సూత్రం ఉంది: ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-ఊదా, నీలం-నారింజ జంటలు పక్కపక్కన ఉంటే ఒకదాని తీవ్రతను మరొకటి పెంచుతుంది. దీనిని 1839లో గ్రంథస్థం చేసిన షెవ్రోల్ రసాయన శాస్త్రవేత్త. గోబెలాఁ నేత కార్ఖానాలో అద్దకపు పని చూస్తూ, నల్లదారం వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో కాక పక్కనున్న దారాల రంగులో ఉందని గ్రహించాడు.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం ప్రాంతపు రైతుకు ఈ సూత్రం పుస్తకం లేకుండానే కళ్లెదుట ఉంటుంది. మిర్చి ఏరే రోజుల్లో పచ్చని ఆకుల నడుమ మండిపోయే ఎరుపు, అవే కాయలు కళ్లంలో పట్టా మీద ఆరబోసినప్పుడు నెమ్మదిస్తుంది; కాయ ఎండి రంగు ముదరడం అందుకు ఒక కారణమైతే, పక్కనున్న ఆకుపచ్చ తొలగిపోవడం మరొకటి.

పోస్ట్ ఇంప్రెషనిస్టుల ఈ వర్ణదృష్టిని తొలినాళ్లలో అందుకున్న తెలుగు చిత్రకారుల్లో ముఖ్యుడు, కరీంనగర్ ప్రాంతపు అన్నారంలో పుట్టి బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన పి.టి. రెడ్డి (1915-1996). అక్కడి డైరెక్టర్ చార్లెస్ జెరార్డ్ ప్రోత్సాహంతో 1941లో వెలసిన ‘యంగ్ టర్క్స్’ బృందంలో ఆయన ఒకరు. ఖమ్మం జిల్లా బిడ్డ సూర్యప్రకాశ్ (1940-2019) ఢిల్లీలో చిత్రకారుడు రాంకుమార్ వద్ద శిక్షణ పొంది, ప్రకృతి దృశ్యాలకే ప్రసిద్ధుడయ్యాడు. మనుషులు కనిపించని ఆయన చిత్రాల్లో ఆకులు, నీళ్లు, నీటిలోని నీడలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. ఇంప్రెషనిస్టు మోనేతో ఆయనను పోల్చడం పరిపాటే అయినా, దృశ్యాన్ని రంగుల పొరలుగా విడదీసి తిరిగి కట్టే ఆ పద్ధతిలో సెజాన్ పోలికలే ఎక్కువ.