ఒక్కో బిట్టుకు 67 సెకన్లు

2021లో పేరు ఏపీ ఈఏపీసెట్‌గా మారినా కోనసీమలో అందరూ ఇంకా ఎంసెట్ అనే అంటారు. ఇంజినీరింగ్ వాళ్లకు 160 బిట్లు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. టైం 180 నిమిషాలు. భాగిస్తే ఒక్కో బిట్టుకు 67 సెకన్లు, పైన ఓ అర సెకను.

రాజోలు వైపు ఒక అమ్మాయి గ్రాండ్ టెస్టు రాసిన రఫ్ కాగితాలు చూశాను. 23వ బిట్టు ఇంటిగ్రేషన్. దానికే పేజీన్నర నిండిపోయింది. జవాబు సరిగ్గానే వచ్చింది. కానీ కెమిస్ట్రీకి వచ్చేసరికి టైం చాలక చివరి 18 బిట్లు ముట్టుకోనేలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే వాటిలో 7 తనకు నోటికొచ్చినవే. పాపం, ఆ పిల్ల రాత్రి అన్నం కూడా సరిగా తినలేదట.

ఆ ఏడింటి విలువెంతో చూడండి. ర్యాంకులో ఎంసెట్‌కు 75 శాతం, ఇంటర్‌కు 25 శాతం వెయిటేజీ. గ్రూపు మార్కులు 600 లెక్కన ఇంటర్‌లో ఒక మార్కు 0.04 అయితే, ఎంసెట్‌లో ఒక బిట్టు 0.47. అంటే ఒక బిట్టు పదకొండు ఇంటర్ మార్కుల పెట్టు. నార్మలైజేషన్‌తో కాస్త అటూ ఇటూ అయినా, తను వదిలేసింది డెబ్భై పైచిలుకు ఇంటర్ మార్కులంత!

ఎంసెట్‌లో తప్పుకు కోత లేదు. రాని 11 బిట్లకు గుడ్డిగా పెట్టినా, నాలుగింటికి ఒకటి చొప్పున రెండో మూడో తగులుతాయి. ఆఖరి రెండు నిమిషాలు అందుకే అట్టేపెట్టుకోవాలి. జేఈఈ మెయిన్‌, నీట్‌లలో మాత్రం తప్పుకు ఒక మార్కు పోతుంది, అక్కడ ఈ పద్ధతి వద్దు.

"ఇంకోసారి చదువుకుని టెస్టు రాస్తాను" అనే పిల్లలకు ఒక లెక్క చెబుతాను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠం రెండుసార్లు చదివించారు. ఇంకొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లది 42కి పడిపోయింది, రాసినవాళ్లది 56 దగ్గర నిలిచింది. ఎంసెట్ అడిగేది నెలల కిందట చదివినదాన్ని.

అయితే టెస్టు మీద టెస్టు రాసినంత మాత్రాన మార్కులు పెరగవు. రాశాక తప్పులతో కూర్చునే గంటే పెంచుతుంది. పోయిన ప్రతి మార్కునూ నోట్సులో మూడు గళ్లలో ఎక్కించాలి: తెలియక పోయింది, తెలిసీ తప్పింది, టైం చాలక పోయింది. మొదటి గడికి పాఠం చదవాలి. మిగతా రెండూ సాధనతోనే తగ్గుతాయి.

ఇంకోటి, 2017 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదే. కాగితం మీద మాత్రమే రాసి అలవాటైనవాళ్లు సెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టే మాక్ టెస్టును, అమలాపురం వెళ్లి నెట్ సెంటర్‌లోనైనా సరే, మూడు గంటలు కదలకుండా రాసి చూడాలి.

ఆ అమ్మాయి తర్వాతి టెస్టు కాగితాలూ చూశాను. ఇంటిగ్రేషన్ బిట్టుకు రెండే రెండు లైన్లు, నంబరు చుట్టూ సున్నా. కెమిస్ట్రీలో ఒక్క ఖాళీ లేదు. ఆఖరున ఆ సున్నా దగ్గరికి తిరిగొచ్చినట్టు పెన్ను రంగు మారింది.